మోచేతి వంపులో నీళ్ళు

మర్గిలాన్‌లో చలికాలం ముందుగా నీళ్ళలోకి దిగుతుంది. ద్రాక్షతీగ ఇంకా నాలుగు ఆకులు పట్టుకుని వేలాడుతూండగానే కొళాయి నీళ్ళు పళ్ళను జివ్వుమనిపిస్తాయి. అప్పుడు మావ్లాన్ ఫోను మోగడం మొదలవుతుంది.

"ఉస్తా, పొద్దుట్నుంచీ స్విచ్చి వేసే ఉంది. చేతికి వేడి తగిలితే ఒట్టు."

"ఉస్తా, మా గీజర్‌లోంచి వచ్చేది నీళ్ళో, ఆవు నాలుకో తెలియడం లేదు."

చేతిపని వచ్చినవాణ్ణి ఎవరినైనా ఆ ఊళ్ళో ఉస్తా అనే పిలుస్తారు. అయినా ఆ మాట వినబడిన ప్రతిసారీ మావ్లాన్ మెడ కాస్త నిటారుగా అయ్యేది. నలభై మూడేళ్ళ మనిషి. సన్నగా, గోడ పక్కన నడిచే నీడలా ఉంటాడు. ఎవరింటికి వెళ్ళినా ఆడవాళ్ళ మొహం చూడడు, ఒక గిన్నె టీ తాగి రెండోది వద్దంటాడు, చేసిన పని చుట్టూ తడి తుడిచి మరీ వెళ్తాడు. అతని చేయి పడితే ఇనుప పీపా కూడా పొగలు కక్కుతుందని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. అంత మంచివాడికి పెళ్ళాం ఎందుకు లేదని కూడా చెప్పుకునేవారు.

పెళ్ళాం ఉండేది. కోకంద్‌లో. మూడు నెలలు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం తన పరుపులన్నీ తాళ్ళతో కట్టి బండిలో వేయించుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ మోచేతుల దాకా ఇసుకతో రుద్దుకుంది. ఆ రుద్దుకోవడం మావ్లాన్ చెవుల్లో ఇన్నేళ్ళైనా గరగరలాడుతూనే ఉంది.

మావ్లాన్‌ది శవాలకు స్నానం చేయించే కుటుంబం. తాత, తండ్రి మగవాళ్ళకు, నాయనమ్మ, తల్లి ఆడవాళ్ళకు. అలాంటి ఇంటివాళ్ళను చావునాడు చేతులు పట్టుకుని తీసుకెళ్తారు. మిగతా రోజుల్లో వాళ్ళు తాగిన గిన్నెను పక్కన పెడతారు. వాళ్ళ పిల్లను చేసుకోరు, తెలిసి వాళ్ళకు పిల్లను ఇవ్వరు. అందుకే పదకొండేళ్ళ కిందట, తండ్రి పోయాక, మావ్లాన్ తన పనిముట్ల పెట్టె ఒక చేత్తో, తల్లి షరాఫత్‌ను ఒక చేత్తో పట్టుకుని మర్గిలాన్ వచ్చేశాడు. తల్లి ఆసుపత్రిలో ఆయాగా చేసిందని, కళ్ళకు వెలుతురు పడదని, అందుకే గడప దాటదని చుట్టుపక్కల చెప్పాడు. షరాఫత్ కళ్ళు బాగానే కనిపిస్తాయి. కొడుకు చెప్పాడని కిటికీ తెర వెనకే పదకొండేళ్ళు కూర్చుంది.

కుటుంబం సంగతి బయటపడితే మర్గిలాన్‌లో ఒక్క ఇల్లు కూడా తన నీళ్ళను అతని చేత ముట్టించదు. అతనికి తెలిసినవి నీళ్ళే. మరో పని రాదు.

నీళ్ళు అతనికి తండ్రి నేర్పాడు. చావు జరిగిన ఇళ్ళలో, పెరట్లో డేగిశాలో కాచిన నీళ్ళకు చన్నీళ్ళు కలపడం చిన్నప్పటి నుంచీ మావ్లాన్ వంతు.

"వేలితో చూడకు," అనేవాడు తండ్రి. "వేలు పని చేసి చేసి మొద్దుబారిపోయింది, అబద్ధం చెప్తుంది. మోచేతి వంపులో చూడు. అక్కడి చర్మానికి ఇంకా లోకం తెలియదు."

తండ్రి ఎడమ చేతి చొక్కా పైకి మడిచి, కళ్ళు మూసుకుని, వంపులో సన్నని ధార పోసుకునేవాడు. పోయినవాళ్ళ నీళ్ళు వేడిగా ఉండకూడదు, చల్లగా ఉండకూడదు. చేయి ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియకూడదు. ఆ చోటు దొరకగానే "కుదిరాయి" అనేవాడు. "నీళ్ళు కుదిరాయి" అని లోపలికి కేక వేయడం మావ్లాన్ పని. ఆ కేకతో లోపల ఏడుపులు ఒక్క క్షణం ఆగేవి.

గోరువెచ్చదనం అంటే మావ్లాన్‌కు అదీ. గీజర్లు బాగు చేసే పనిలోకి వచ్చింది దాన్నుంచి పారిపోవడానికే. వేడినీళ్ళు బతికున్నవాళ్ళవి. పొగలు వచ్చే కొళాయి కింద ఎవరూ పోయినవాళ్ళను తలుచుకోరు.

వాసిత్ హాజీ ఇంటికి ఆ చలికాలం మూడోసారి వెళ్ళాడు. మొదటిసారి పీపా విప్పి, కాయిల్‌కు పట్టిన సున్నం పెచ్చులు బకెట్టెడు తీశాడు. రెండోసారి కాయిలే మార్చాడు, వేడిని తగ్గించి పెంచే మీట కూడా మార్చాడు. రెండుసార్లూ అతను ఉన్నంతసేపు నీళ్ళు భగభగలాడాయి. సాయంత్రానికి మళ్ళీ గోరువెచ్చగా అయిపోయాయి.

మూడోసారి హాజీ భార్య ఖాసియత్ ఫోను చేసింది. "ఉస్తా, నువ్వు బాగు చేస్తున్నది గీజర్నా, నన్నా? నీళ్ళు అలాగే ఉన్నాయి, నాకు మాత్రం ఒళ్ళు కాలిపోతోంది."

దారిలో మంచు గడ్డ మీద కాలు జారి పనిముట్ల పెట్టె కిందపడింది. నీళ్ళ వేడి కొలిచే గాజు గొట్టం పగిలింది. అది అతను అందరి ముందూ వాడే వస్తువు. దాని అద్దం మీద అంకెలు చూపిస్తే ఎవరూ అతని చేతుల వంక చూడరు. పెంకులు ఏరి, గోడ పక్కన పారేసి వెళ్ళాడు. ఆ రోజు వస్తున్నట్టు ముందుగా చెప్పలేదు.

ఖాసియత్ నడవాలో ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. వాచిన కాళ్ళు రెండూ ఇంకో పీట మీద. డెబ్బై ఏళ్ళు. గుండె బాగా లేదని డాక్టర్లు చెప్పారు, నోటి సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు.

"రా ఉస్తా. దొంగ ఇంట్లోనే ఉంది, నువ్వు పీపాలో వెతుకుతున్నావు. మా కోడలి జుట్టు చూశావుగా? ఎనభై లీటర్లు తాగుతుంది."

కోడలు దిల్‌నవాజ్ పెరట్లో చన్నీళ్ళ కొళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. మొగుడు లారీ మీద తిరుగుతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆమె చేతులు వేళ్ళ కణుపుల దగ్గర చీలి, చీలికల్లో ఎర్రగా ఉన్నాయి. గిన్నె తిప్పినప్పుడల్లా నురగలో ఒక ఎర్రటి దారం తేలి మాయమవుతోంది.

"నలభై రోజులు వేడినీళ్ళు ముట్టుకోవద్దన్నాను," అంది ఖాసియత్, వాతావరణం గురించి చెప్తున్నట్టు. "ముప్ఫై ఎనిమిది అయ్యాయి. అయినా నీళ్ళు కాగవు. అంటే తెల్లారకముందే లేచి దొంగతనంగా పోసుకుంటోంది. మా హాజీ గారు పోయిన శుక్రవారం పెద్దల ముందు దీని తండ్రిని పిలిచి చెప్పేశారు. మా ఇంట్లో బిందువు కూడా వృథా కాదు, నీ కూతురు ఏరులు పారిస్తోంది అని. ఇవాళ నువ్వు కారణం చెప్తే సరే. లేదంటే దీని పరుపులు కట్టిస్తాను."

పరుపులు అన్న మాటకు మావ్లాన్ చేతిలో పానా ఒకసారి ఆగింది.

స్నానాల గదిలో గీజర్ దగ్గరికి వెళ్ళాడు. దీపం వెలుగుతోంది. మీట చివరిదాకా తిప్పి ఉంది, డెబ్బై అయిదు డిగ్రీలు. పీపా నుంచి బయటికి వచ్చే గొట్టం పట్టుకుంటే చేయి కాలింది. లోపల నీళ్ళు సరిగ్గానే కాగుతున్నాయి. అవే నీళ్ళు నాలుగు అడుగుల అవతల కొళాయిలోంచి గోరువెచ్చగా పడుతున్నాయి. దారిలో ఎక్కడో చన్నీళ్ళు కలుస్తున్నాయి.

గీజర్‌లోకి చన్నీళ్ళు వచ్చే వాల్వు కట్టేసి, వేడినీళ్ళ కొళాయి తిప్పాడు. లోపలికి నీళ్ళు రాకపోతే బయటికీ రాకూడదు. కానీ ధార ఆగలేదు. చల్లగా, ఏ సిగ్గూ లేకుండా పడుతూనే ఉంది. ఈ ఇంట్లో ఎక్కడో వేడి గొట్టానికీ చల్ల గొట్టానికీ మధ్య తలుపు తెరిచి ఉంది. దాంట్లోంచి చన్నీళ్ళు వేడి గొట్టంలోకి ఎక్కుతున్నాయి. మొదటే ఈ పని చేసి ఉండవలసింది. సున్నం పెచ్చులు కంటికి కనబడి మోసం చేశాయి.

వాల్వు మళ్ళీ తెరిచాడు. ఇక ఆ తలుపు ఎక్కడుందో వెతకాలి. కొళాయి నుంచి కొళాయికి నడుస్తూ ఎక్కడ నీళ్ళు ఎక్కువ చల్లగా ఉన్నాయో చూస్తే దానికి దగ్గరవుతున్నట్టు. తేడా చాలా సన్నగా ఉంటుంది. గాజు గొట్టం పగిలింది. వేళ్ళు చలికి కొయ్యబారి ఉన్నాయి, అవి ఏ మాట చెప్పినా నమ్మడానికి లేదు.

వంటింట్లో ఎవరూ లేరు. మావ్లాన్ ఎడమ చేతి చొక్కా పైకి మడిచాడు. కళ్ళు మూసుకుని, మోచేతి వంపులో సన్నని ధార పట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత. నీళ్ళు వంపులో ఒక క్షణం నిలిచి జారిపోయాయి. ఆ క్షణంలో తండ్రి గడ్డం, డేగిశా కింద కాలుతున్న పత్తి కట్టెల వాసన, తెల్లగుడ్డ చప్పుడు అన్నీ వచ్చి వెళ్ళాయి. స్నానాల గదిలో కంటే ఇక్కడ చల్లన. తలుపు ఈ వైపే ఉంది.

కళ్ళు తెరిచేసరికి ఖాసియత్ గుమ్మంలో ఉంది. వాచిన కాళ్ళతో అంత నిశ్శబ్దంగా ఎలా వచ్చిందో.

"మా అమ్మ పోయినప్పుడు నేను కోకంద్‌లో ఉన్నాను," అంది ఆవిడ. "స్నానం చేయించడానికి ఒకావిడ వచ్చింది. ఎడమ చేయి ఇలాగే మడిచింది. ఇలాగే కళ్ళు మూసుకుంది. అంత బాగా చేసినవాళ్ళను మళ్ళీ నేను చూడలేదు. అమ్మ నిద్రపోతున్నట్టే ఉంది." అతని చేతి వంక చూసింది. "మీది కోకందేగా ఉస్తా?"

"కోకందే ఆయీ."

"మీ అమ్మ పేరేంటి?"

చొక్కా చేయి కిందికి దింపుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు.

"మా అమ్మ లేదు ఆయీ. పోయింది."

"పోయిందా," అంది ఖాసియత్. ఆవిడ కళ్ళలో కోపం లేదు. పిల్లి ఎలుక తోక మీద కాలు వేసి కూర్చున్నప్పుడు ఉండే ప్రశాంతత ఉంది. "మరి ఆవిడకు స్నానం ఎవరు చేయించారు?"

మావ్లాన్ కొళాయి కట్టేసి, పెట్టె తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఆవిడ గోడ పట్టుకుని వెనకే వచ్చింది.

పెరటి చివర, దానిమ్మ చెట్టు వెనక, మగవాళ్ళ మరుగుదొడ్డి ఉంది. హాజీ మక్కా నుంచి వచ్చాక దాన్ని కొత్తగా కట్టించుకున్నాడు. నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు, శుభ్రానికి చలికాలం కూడా వెచ్చని నీళ్ళు ఉండాలని ఇంట్లోంచి వేడి గొట్టం, చల్ల గొట్టం రెండూ లాగించి, రెండూ కలిసే కొళాయి పెట్టించి, దానికి నొక్కితే నీళ్ళు వచ్చే చేతి షవర్ తగిలించుకున్నాడు. ఇంటికి వచ్చిన ప్రతి ముసలాయనకూ దాన్ని చూపించేవాడు.

షవర్ కొక్కేనికి వేలాడుతోంది. దాని మూతి మూసే ఉంది, చుక్క కారడం లేదు. కింద కొళాయి పిడులు రెండూ మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి.

హాజీ ఒక్కసారి పిడులు తిప్పి తనకు కావలసినంత వెచ్చన కుదుర్చుకునేవాడు. మళ్ళీ ప్రతిసారీ కుదుర్చుకోవడం ఎందుకని వాటిని అలాగే వదిలేసి, మూతి దగ్గర మాత్రం ఆపేవాడు. చుక్క కారడం లేదు కాబట్టి వృథా లేదనుకున్నాడు. బయటికి దారి లేని చన్నీళ్ళు ఆ కొళాయిలోనే అటు తిరిగి వేడి గొట్టంలోకి ఎక్కి, ఇల్లంతా పాకి, అన్ని కొళాయిల్లోనూ చల్లారబెట్టాయి. ఉస్తా వస్తున్నాడని కబురు తెలిసిన రెండుసార్లూ హాజీ జాగ్రత్తపరుడు కాబట్టి ఇంట్లో పిడులన్నీ తనే తిరిగి కట్టేశాడు. ఇవాళ ఆయనకు తెలియదు. మసీదులో ఉన్నాడు.

"ఇదా," అంది ఖాసియత్.

"ఇదే ఆయీ. మీ కోడలి తప్పేమీ లేదు."

ఆవిడ పిడుల వంక చాలాసేపు చూసింది. "ఈ దొడ్డి రోజూ కడిగేది కోడలే. పిడులు అదే తిప్పి వదిలేసింది."

"ఆయీ, ఇది వాడేది హాజీ గారు."

"హాజీ గారు పెద్దల ముందు మాట అన్నారు ఉస్తా. ఇప్పుడు ఆ తెల్లగడ్డం పట్టుకుని, నేనే వదిలేశాను అని ఆ పిల్ల తండ్రి ముందు చెప్పాలా?" దానిమ్మ కొమ్మ పట్టుకుని ఊపిరి తీసుకుంది. "నువ్వు ఒకటి చూశావు. నేనూ ఒకటి చూశాను. నువ్వు చూసింది నువ్వు మర్చిపో. నేను చూసింది నా ప్రాణం ఉన్నంతవరకు నా నోట రాదు. ఖాసియత్ మాట తప్పదని ఈ వీధిలో ఎవరినైనా అడుగు."

కొమ్మకు మిగిలిన ఒక ఎండు దానిమ్మ కాయ గాలికి ఊగుతోంది. లోపల గింజలు ఎండి గలగలమంటున్నాయి. మావ్లాన్ ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. పదకొండేళ్ళు, కిటికీ తెర, ఇసుకతో రుద్దుకున్న చేతులు. తర్వాత వంగి పిడులు రెండూ కట్టేశాడు.

కట్టేయడంతో ఆగలేదు. హాజీ రేపు మళ్ళీ వదిలేస్తాడు. అందుకని పెట్టెలోంచి రెండు చిన్న వాల్వులు తీశాడు. నీళ్ళను ముందుకే గాని వెనక్కి పోనివ్వనివి. రెండు గొట్టాలకూ బిగించాడు. ఇక హాజీ ఎన్నిసార్లు వదిలేసినా ఇంట్లో నీళ్ళు చల్లబడవు. ఆ తప్పు ఎవరిదో కనిపెట్టే దారి కూడా ఇక లేదు. అతని బతుకులో అంత శ్రద్ధగా చేసిన బిగింపు మరొకటి లేదు.

మధ్యాహ్నం నమాజు నుంచి హాజీ వచ్చాడు. బలిష్ఠమైన మనిషి, గొంతు మెత్తన. నడవాలో చాప మీద కూర్చున్నారు. దిల్‌నవాజ్ టీ తెచ్చి, వంగి మామగారికి ఇచ్చింది, తర్వాత మావ్లాన్‌కు.

"చెప్పు ఉస్తా," అన్నాడు హాజీ. "నీళ్ళ జబ్బు ఏంటి?"

మావ్లాన్ టీ గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. "దొడ్లో కలిపే కొళాయి ఉంది కదండీ. కడిగినప్పుడు పిడులు తెరిచి వదిలేస్తే చన్నీళ్ళు వేడి గొట్టంలోకి ఎక్కుతాయి. అదే జరిగింది."

"కడిగినప్పుడు," అన్నాడు హాజీ నెమ్మదిగా.

"కడిగినప్పుడు," అంది ఖాసియత్.

దిల్‌నవాజ్ టీ కూజా కింద పెట్టింది. "నేను అక్కడ వేడి పిడి ముట్టుకోలేదు ఉస్తా అన్నా. ముప్ఫై ఎనిమిది రోజులైంది. చన్నీళ్ళతోనే కడుగుతున్నాను. బయటి కొళాయి నుంచి బకెట్టుతో మోసుకుని."

ఆ మాట గట్టిగా అనలేదు. లెక్క తప్పిన అంకెను సరిచేస్తున్నట్టు అంది. మావ్లాన్ తల ఎత్తితే ఆ మొహం చూడాలి. అతనికి ఆడవాళ్ళ మొహం చూడని అలవాటు ఉండడం ఆ రోజు పనికొచ్చింది.

"అమ్మాయీ," అన్నాడు హాజీ, "ఉస్తా అబద్ధం చెప్తాడా? అతనికి ఏం లాభం?"

ఖాసియత్ లేచింది. "సరేలే. ఇప్పుడు నీళ్ళు కాగాయో లేదో చూద్దాం. ఇలా రా కోడలా. నలభై రోజులని బెంగ పెట్టుకున్నావుగా, రెండు రోజులు మాఫీ. మొదటి వేడినీళ్ళు నీకే."

నడవాలో చేతులు కడుక్కునే తొట్టి ఉంది. ఖాసియత్ వేడి పిడి చివరిదాకా తిప్పింది. ముందు చల్లగా వచ్చింది, తర్వాత గోరువెచ్చగా, తర్వాత ధార తెల్లబడి తొట్టి మీద పొగ లేచింది.

"చేయి పెట్టు."

ఆ నీళ్ళు ఎంత వేడో ఆ ఇంట్లో మావ్లాన్‌కు ఒక్కడికే అంకెతో సహా తెలుసు. మూడు లెక్కపెట్టేలోపు చర్మం ఊడుతుంది. చీలి ఉన్న చర్మానికి అంత కూడా అక్కర్లేదు. వద్దని చెప్పడానికి ఒక మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దానికంటే ముందే ఖాసియత్ కళ్ళు వచ్చాయి, అతని ఎడమ మోచేతి మీద వాలాయి.

దిల్‌నవాజ్ కుడి చేయి పెట్టింది. పెట్టేముందు ఒకసారి మావ్లాన్ వైపు చూసింది. అతను పనిముట్లు ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. పానా, పట్టుకారు, స్క్రూడ్రైవరు. ఆమె చేయి వెనక్కి తీయలేదు. గొంతులోంచి మాత్రం చిన్న చప్పుడు వచ్చింది, గొట్టంలో గాలి చిక్కుకున్నప్పుడు వచ్చేలాంటిది.

"చాలు," అంది ఖాసియత్. "బాగా కాగాయి."

"దేవుడి దయ," అన్నాడు హాజీ. "నీ చేతులు చల్లగా ఉండాలి ఉస్తా."

వారం తర్వాత మావ్లాన్ ఇంటికి, అతను లేనప్పుడు, హాజీ ఇంటి నుంచి గుడ్డ కప్పిన పలావు పళ్ళెం వచ్చింది. తెచ్చింది దిల్‌నవాజ్. కుడి చేతికి మోచేయి దాకా కట్టు. షరాఫత్ తలుపు తీసింది. పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి ఎండు ఆప్రికాట్లు పోసి ఇచ్చింది.

సాయంత్రం ఆ సంగతి తెలిసి మావ్లాన్ తల్లి ముందు నిలబడ్డాడు.

"తలుపు ఎందుకు తీశావు?"

"కొట్టింది కదరా. చేతికి కట్టు ఉంది పాపం. పళ్ళెం ఎడమ చేత్తో మోసుకొచ్చింది. మా అత్తగారు మిమ్మల్ని చూసి రమ్మన్నారు అంది."

"నువ్వు ఎవరని చెప్పావు?"

"అమ్మనని, షరాఫత్‌నని చెప్పాను. ఇంకేం చెప్తాను?"

"వాళ్ళకు నువ్వు లేవని చెప్పాను నేను," అన్నాడు మావ్లాన్. "ఆ ఇంటి లెక్కలో నువ్వు చచ్చిపోయావు. చచ్చిపోయినవాళ్ళు తలుపులు తీయరు."

షరాఫత్ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. తెల్లగా, మడతలు పడి, ఎప్పుడూ నీళ్ళలోంచి అప్పుడే తీసినట్టుండే చేతులు. "ఆ కట్టు మార్చేవాళ్ళు లేరేమో," అంది. "వాసన వస్తోంది." ఆ రాత్రి నుంచి మావ్లాన్ పనికి వెళ్ళేటప్పుడు బయట తాళం వేసుకుని వెళ్ళేవాడు.

ఖాసియత్ మాట తప్పలేదు. చలికాలమంతా ఒక్క నోట కూడా ఆ సంగతి రాలేదు. పైగా ఆవిడే నలుగురికీ అతని పేరు చెప్పింది. మావ్లాన్ ఫోను అంతకుముందెప్పుడూ అంతగా మోగలేదు. దిల్‌నవాజ్‌ను పుట్టింటికి పంపలేదు. తప్పు రుజువైన కోడలు ఇంట్లో ఉంటేనే ఎక్కువ పనికొస్తుందని ఖాసియత్ అందని ఎవరో నవ్వుతూ చెప్పారు. మావ్లాన్ కూడా నవ్వాడు.

ఫిబ్రవరి చివర్లో, మల్బరీ కొమ్మలు నరికే రోజుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం మావ్లాన్ ఇంటి ముందు ముగ్గురు మగవాళ్ళు ఆగారు. మధ్యలో వాసిత్ హాజీ. పొడుగు కోటు మీద నడుముకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఇంట్లో చావు జరిగినవాళ్ళు అలా కట్టుకుంటారు. మసీదు నుంచి వచ్చే జనం ఆగిపోయారు. రొట్టెల బండివాడు కూడా ఆగాడు.

మావ్లాన్ గడియ తీసి బయటికి వచ్చాడు.

"మీ ఖాసియత్ ఆయి తెల్లవారాక పోయింది ఉస్తా," అన్నాడు హాజీ. గొంతు అప్పుడు కూడా మెత్తన. "పోయేముందు ఒక్కటే కోరింది. స్నానం కోకంద్ షరాఫత్ చేతే కావాలని. మా అత్తగారికి చేయించిందట కదా. మీ ఇంట్లోనే ఉందట కదా. మీ అమ్మగారిని పంపు."

అంత స్పష్టంగా, వీధి మధ్యలో. నా ప్రాణం ఉన్నంతవరకు అంది ఖాసియత్. అంతవరకే అంది. తన చివరి స్నానం బాగుండాలని కోరుకుంది. అందుకు ఎవరి బతుకు పోతుందన్నది ఆవిడకు లెక్కలోకి రాలేదు. కక్ష కూడా కాదు. గిన్నె పట్టుకోవడానికి చేతికి అందిన గుడ్డ తీసుకున్నట్టు తీసుకుంది.

"హాజీ గారూ, మీరు పొరబడ్డారు," అన్నాడు మావ్లాన్. "మా అమ్మ..."

వెనక తలుపు తెరుచుకుంది. షరాఫత్ తెల్ల ముసుగు వేసుకుని ఉంది. పెట్టె అడుగున పదకొండేళ్ళు మడత పెట్టి ఉంచిన ముసుగు, మడతలు గీతల్లా కనబడుతున్నాయి. వెలుతురుకు ఒకసారి కళ్ళు చికిలించి, వెంటనే సర్దుకుంది. కొడుకు వైపు చూడలేదు.

"నీళ్ళు పొయ్యి మీద పెట్టారా?" అని హాజీని అడిగింది.

జనం ఆమెకు దారి ఇచ్చారు. గౌరవంగా, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువ దూరంగా. రొట్టెల బండివాడు బండి మీద గుడ్డ లాగి కప్పాడు. పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, పొద్దున మావ్లాన్ బాగు చేసిన కొళాయిని పట్టుకున్న తన కుడి చేతిని పావడాకు తుడుచుకుంటోంది. తుడుస్తూనే ఉంది.

మూడు గంటలకు మొదటి ఫోను వచ్చింది. "ఉస్తా, రేపు రావద్దులే, మా బావమరిదికి ఈ పని వచ్చట." నాలుగింటికి రెండోది. "గీజరే మార్చేస్తున్నాం ఉస్తా, పాతదైపోయింది." ఆ గీజర్ కిందటి నెలలో అతనే కొత్తది బిగించాడు. తర్వాత ఫోను మోగలేదు. మావ్లాన్ దాన్ని చాప మీద పెట్టుకుని, అది చల్లబడుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

షరాఫత్ పొద్దు వాలుతుండగా వచ్చింది. చంకలో మూట. పోయినవాళ్ళ బట్టలు స్నానం చేయించినవాళ్ళకే ఇస్తారు. మూటలోంచి ఖాసియత్ దూదికోటు చేయి ఒకటి వేలాడుతోంది. షరాఫత్ నడక మారింది. మెడ నిటారుగా ఉంది, ఉస్తా అని పిలిపించుకున్న మనిషికి ఉండేలా.

"బాగా జరిగింది," అంది చెప్పులు విడుస్తూ. "నీళ్ళు పోయడానికి ఆ కోడలే నిలబడింది. వేడి చూడమ్మా అంటే, కుడి చేతికి ఏమీ తెలియదండీ అంది. అందుకని నేనే చూశాను. అత్తగారి మొహం చూసి ఒక్క చుక్క ఏడవలేదు పాపం. నీళ్ళు మాత్రం చాలా జాగ్రత్తగా పోసింది." మూట కింద పెట్టింది. "ఉస్తా మీ అబ్బాయేనా అని అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు."

మావ్లాన్ మూటను గోడ పక్కకు జరిపాడు.

"స్నానం చేయాలిరా. శవాన్ని ముట్టుకున్నాను కదా. నీళ్ళు బాగా వేడిగా పెట్టు, ఎముకల్లోకి చలి దిగింది."

లేచి స్నానాల గదిలోకి వెళ్ళాడు. గోడకు అతని సొంత గీజర్, తెల్లగా, మచ్చ లేకుండా. మీట డెబ్బై దగ్గర ఉంది. నీళ్ళు కాగి ఉన్నాయి. రెండు పిడులూ తిప్పి, పెద్ద బకెట్టులోకి వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి వదిలాడు. ఎడమ చేతి చొక్కా పైకి మడిచాడు. ఇక చూసేవాళ్ళు లేరు. కళ్ళు మూసుకుని వంపులో ధార పోసుకున్నాడు. ఇంకా వేడి. చల్ల పిడి ఇంకాస్త తిప్పాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తిప్పాడు. చేయి ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియని చోటు వచ్చేదాకా.

అప్పుడు గీజర్ స్విచ్చి ఆపేసి, బయటికి వచ్చి, తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తల్లి లోపలికి వెళ్ళింది. చెంబు బకెట్టులో మునిగిన చప్పుడు, మొదటి చెంబు ఒంటి మీద పడిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. బయట మల్బరీ కొమ్మలు నరుకుతున్న గొడ్డలి ఒకటి ఆగి ఆగి వినబడుతోంది.

"మావ్లాన్," అని పిలిచింది లోపల్నుంచి.

"ఊఁ."

"నీళ్ళు కుదిరాయి," అంది షరాఫత్.

రెండో చెంబు పోసుకుంది.